పట్టుబడి అయిన రాత్రి వచ్చే వెలితి

ఈ కేసులోని వ్యక్తి అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేరు మార్చాను, ఊరు చెప్పడం లేదు, గుర్తుపట్టేలా ఉండే కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. ఆయన్ని పెంచలయ్య అంటాను. పెంచలకోన స్వామి పేరు పెట్టుకున్నవాళ్ళు నెల్లూరు జిల్లాలో వీధికొకరు ఉంటారు కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండదు.

"అన్నీ ఉన్నాయి, కానీ లోపల ఏదో లేదు" అంటూ కౌన్సెలింగ్‌కు వచ్చేవాళ్ళు చాలామంది. నా దగ్గరకు వచ్చేలోపు వాళ్ళకు దొరికిన సలహాలు సాధారణంగా రెండు రకాలు. ఉన్నదాంతో తృప్తి పడమని కొందరంటారు, ఇంకేదైనా పెద్ద పని పెట్టుకోమని కొందరంటారు. రెండూ ఆ వెలితి ముఖం చూడకుండా దాటించేవే. దాన్ని నిలబడి చూస్తే ఏమవుతుంది, ఎలా చూడాలి, ఎక్కడ ఆగాలి అన్నది పెంచలయ్య కేసులో నాకు స్పష్టంగా కనిపించింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

వచ్చినప్పటి పరిస్థితి

వయసు 43. సముద్రానికి దగ్గర మండలంలో రొయ్యల సాగు. సొంత గుంటలు కొన్ని, లీజువి అంతకు రెట్టింపు. నెల్లూరులో రెండంతస్తుల ఇల్లు కట్టారు. కూతురు ఎంబీబీఎస్ చదువుతోంది, కొడుకు ఇంటర్, రెసిడెన్షియల్ కాలేజీలో. ఆయన్ని తీసుకొచ్చింది భార్య. "కోపం లేదు, కొట్టడం తిట్టడం లేదు. కానీ మడిసి ఇంట్లో ఉండడు మేడం, ఎదురుగా కూర్చోనున్నా ఉండడు" అని ఆమె చెప్పిన మాట నా నోట్సులో మొదటి వాక్యం.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత రొట్టెల పండగ సంగతి ఎత్తారు. బయటి జిల్లాల వాళ్ళ కోసం చెప్తున్నాను. మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో ఈ పండగ జరుగుతుంది. కోరిక ఉన్నవాళ్ళు నీళ్ళలో నిలబడి, అదే కోరిక తీరినవాళ్ళ చేతి నుంచి రొట్టె అందుకుంటారు. తమ కోరిక తీరాక మళ్ళీ వచ్చి ఇంకొకరికి రొట్టె ఇస్తారు. ఇంటి రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె, ఈమధ్య విదేశాల రొట్టె కూడా.

"ప్రతి ఏడూ పోతా మేడం. ఇంటి రొట్టె పట్టుకున్నా, ఇల్లొచ్చింది. పాపకని చదువు రొట్టె పట్టుకున్నా, సీటొచ్చింది. అన్నీ తిరిగిచ్చేశా. మొన్న నీళ్ళలో నిలబడ్డా గానీ, ఏ రొట్టె కావాలో నాకే తెలీలా. ఎవరో 'అన్నా, నీకేం రొట్టె' అని అడిగితే నోరు రాలా. గట్టు మీదకొచ్చి కూర్చున్నా."

ఎప్పటి నుంచి ఇలా ఉందని అడిగితే, ఎప్పుడూ ఉందన్నారు. చిన్నప్పుడు డబ్బు లేక అనుకున్నారు. డబ్బు వచ్చాక, ఇల్లు లేక అనుకున్నారు. ఇల్లయ్యాక పిల్లల చదువనుకున్నారు. ఒక్కో మెట్టు ఎక్కిన ప్రతిసారీ ఆ వెలితి ముందుగా వెళ్ళి పై మెట్టు మీద కూర్చుంటోంది.

ముందు చూసుకున్నవి

ఇలాంటి మాట వినగానే బాల్యంలోకి దిగిపోవడం నాకు సమ్మతం కాదు. శరీరం సంగతి ముందు తేలాలి. తెలిసిన ఫిజీషియన్ దగ్గరకు పంపాను. థైరాయిడ్, బి12, చక్కెర, హిమోగ్లోబిన్ చూశారు, చెప్పుకోదగ్గ తేడా ఏదీ లేదు. డిప్రెషన్ కోసం పీహెచ్‌క్యూ-9 చేశాం. తొమ్మిది ప్రశ్నలు, 0 నుంచి 27 దాకా మార్కులు, 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మరింత లోతుగా పరీక్షించాలి. ఈయనది స్వల్ప స్థాయిలోనే ఆగింది. చనిపోవాలన్న ఆలోచనలున్నాయా అని నేరుగా అడిగాను. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం చాలామందికి ఉంది. అది అపోహ, అడగకపోవడమే ప్రమాదం. ఆయనకు అలాంటి ఆలోచనలు లేవు.

విడవని శూన్యభావన బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (భావాలు, సంబంధాలు నిలకడగా ఉండని ఒక మానసిక సమస్య) నిర్ధారణకు వాడే తొమ్మిది లక్షణాల్లో ఒకటి. కాబట్టి ఆ కోణంలోనూ చూశాను. సంబంధాలు తెంచుకోవడం, తనను తాను గాయపరచుకోవడం, తనెవరో తనకే తెలియని అయోమయం, ఇవేవీ ఈయన జీవితంలో లేవు. మందు మాత్రం ఉంది. పట్టుబడి (గుంటలో పెరిగిన రొయ్యలు పట్టి అమ్మేయడం) అయిన రాత్రి తోటి రైతులతో కలిసి తాగడం కొన్నేళ్ళుగా పెరుగుతూ వచ్చింది.

నిద్ర గురించి విడిగా చెప్పాలి. గుంటలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువకు పడిపోతుంది. నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగినా, కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోయినా, గంటల్లో పంట పోతుంది. అందుకని ఈయన ఏళ్ళ తరబడి రాత్రి రెండింటి నుంచి గట్టు మీదే. ఇన్నేళ్ళ నిద్రలేమితో ఎవరికైనా లోపల బోలుగానే ఉంటుంది. కాపలా మనుషులను వంతులవారీగా పెట్టుకుని, వారంలో సగం రాత్రులైనా ఇంట్లో పడుకోమన్నాను. కొంత తేలిక పడ్డారు. వెలితి మాత్రం పోలేదు. పోకపోవడం వల్లే, అది నిద్ర ఒక్కదానితో పుట్టింది కాదని ఇద్దరికీ తెలిసింది.

ఆయన ముందే తెచ్చుకున్న కారణం

రెండోసారి వచ్చినప్పుడే పెంచలయ్య కారణం చెప్పేశారు. 1994-95లో తెల్లమచ్చ వైరస్ కోస్తాను ఊడ్చేసిన సంగతి ఇక్కడ నలభై దాటినవాళ్ళకు చెప్పక్కర్లేదు. అంతకుముందు టైగర్ రొయ్య మీద కొన్నేళ్ళు డబ్బు పొంగింది, వరి మళ్ళు గుంటలయ్యాయి. తర్వాత రొయ్య పెంకు మీద తెల్లచుక్కలు కనబడ్డాయి. మేత ముట్టని రొయ్యలు గట్టు అంచుకు చేరాయి. ఆ జబ్బు తగిలితే మూడు నుంచి పది రోజుల్లో గుంట మొత్తం చచ్చిపోతుంది, మందు లేదు. పెంచలయ్య తండ్రికి వరసగా రెండు పంటలు అలాగే పోయాయి. అప్పుడు కొడుక్కి పదమూడేళ్ళు. తల్లి మెడలో పసుపుతాడు మిగిలింది. తండ్రి నవారు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నారు, ఏళ్ళ తరబడి.

"అందుకే నాకిట్టా మేడం. లేమి చూసినోడికి ఎంతున్నా చాలదంట కదా."

ఇందులో అబద్ధం లేదు. అయితే ఈ మాట ఆయన నా దగ్గరకు రాకముందే భార్యకు చెప్పారు, స్నేహితులకు చెప్పారు, తనకు తాను వెయ్యిసార్లు చెప్పుకున్నారు. చెప్తున్నప్పుడు ముఖంలో ఏ మార్పూ లేదు, గొంతు పాఠం అప్పజెప్పినట్టే ఉంది. లోపల దేన్నీ కదిలించని వివరణ నిజమే అయినా ఇంకా పూర్తి కాలేదని నేను అనుకుంటాను. స్వపరిశీలన చేసే చాలామంది ఇలాంటి వివరణ దగ్గరే ఆగిపోతారు, ఎందుకంటే అది వినడానికి బాగుంటుంది, ఎదుటివాళ్ళు తలూపుతారు.

ఆయన పెదనాన్న వరస ఆయనొకరు గీత చదివిన మనిషి. "నువ్వు పూర్ణుడివిరా అబ్బయ్యా, వెలితి అనేది భ్రమ" అని పూర్ణమదః శ్లోకం చెప్పారట. ఆ మాట మీద నాకు గౌరవం ఉంది. కానీ మనిషి తన వెలితిని ఒక్కసారైనా దగ్గరగా చూడకముందే ఈ మాట చెబితే, దాన్ని మూతగా వాడుకుంటాడు. గొలగమూడి వెంకయ్యస్వామి ఆశ్రమానికి వెళ్ళివస్తే ఆ పూటకు మనసు తేలికగా ఉంటుందని పెంచలయ్య అన్నారు. వెళ్ళమన్నాను. మన పని దానికి అడ్డు కాదని కూడా చెప్పాను.

తవ్వుకోవడం, చూసుకోవడం

నేను చెప్పకుండానే పెంచలయ్య రాయడం మొదలుపెట్టారు. మోటారు షెడ్డులో, అర్ధరాత్రి దాటాక, పేజీలు పేజీలు. తీసుకొచ్చి చూపిస్తే ప్రతి పేజీలోనూ ఒకటే ప్రశ్న: నేనెందుకు ఇలా ఉన్నాను? నాలో ఏం లోపం ఉంది? రాసినకొద్దీ బరువెక్కిందని ఆయనే ఒప్పుకున్నారు.

ఇది స్వపరిశీలన కాదు. సూసన్ నోలెన్-హోక్సెమా అనే సైకాలజిస్టు ఏళ్ళ తరబడి పరిశోధించి చూపించింది దీన్నే. బాధలో ఉన్న మనిషి ఆ బాధ చుట్టూ, దాని కారణాల చుట్టూ పదే పదే తిరుగుతుంటే బాధ ఇంకా ఎక్కువకాలం నిలుస్తుంది. 1999లో ట్రాప్‌నెల్, క్యాంప్‌బెల్ అనే ఇద్దరు ఇంకొంచెం ముందుకు వెళ్ళి, తన గురించి తాను ఆలోచించడంలో రెండు వేరు వేరు దారులున్నాయన్నారు. ఒకటి భయం, నష్టం నడిపించేది, రెండోది తెలుసుకోవాలన్న ఆసక్తి నడిపించేది. బయటి నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి, మనిషి ఒంటరిగా కూర్చుని ఆలోచిస్తున్నట్టే ఉంటుంది. మొదటిదాంట్లో తీర్పు ముందే రాసి పెట్టి ఉంటుంది, సాక్ష్యాలు మాత్రం వెతుకుతుంటాడు.

అందుకని షరతులు పెట్టుకున్నాం. రాత్రి పది దాటాక రాయకూడదు. పగలు, భోజనానికి ముందు, పదిహేను ఇరవై నిమిషాలు, అంతే. 'ఎందుకు' అన్న ప్రశ్నను కొన్నాళ్ళు పక్కన పెట్టాలి. ఎప్పుడొచ్చింది, ఎక్కడున్నావు, అంతకు ముందు క్షణంలో ఏం జరిగింది, ఒంట్లో ఎక్కడ తెలిసింది, తర్వాత ఏం చేశావు, ఇవే రాయాలి.

వేరే డైరీ కొనవద్దన్నాను. రొయ్యల రైతు దగ్గర ఎలాగూ రికార్డు పుస్తకం ఉంటుంది. ఏ పూట ఎంత మేత వేశారు, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, నీటి రంగు, ఉప్పు శాతం, ఆక్సిజన్ అన్నీ అందులోకి ఎక్కుతాయి. రోజుకు నాలుగుసార్లు తీర్పు చెప్పకుండా చూసి రాసే అలవాటు ఆయన చేతికి పదిహేనేళ్ళుగా ఉంది. నీటి రంగు మారితే గుంటను తిట్టరు కదా, రంగు రాస్తారు. ఆ పుస్తకంలోనే చివర ఒక గడి గీసుకోమన్నాను. నా ప్రాక్టీసులో ఇంత శ్రద్ధగా రాసిన క్లయింటును అరుదుగా చూశాను.

గడిలో కనబడ్డది

మూడు నెలల గడులు ముందు పెట్టుకుని చూశాం. వెలితి వచ్చిన సమయాలు: పట్టుబడి అయి, వ్యాపారి వేసిన డబ్బు ఖాతాలో పడినట్టు ఫోనుకు మెసేజ్ వచ్చిన రాత్రి. కూతురు ఫస్టియర్ పాసయిందని ఫోన్ చేసిన సాయంత్రం. బంధువుల పెళ్ళిలో "పెంచలయ్య పైకొచ్చాడబ్బా" అని ఎవరో అన్న నిమిషం. రానివి: ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి రాత్రంతా జనరేటర్ దగ్గర గడిపిన రోజు. పక్క గుంటలో జబ్బు కనిపించిందని తెలిసిన వారం. మేత కంపెనీ బాకీ కోసం తిరిగిన రోజులు.

2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాల ప్రకటన వచ్చింది. మన రొయ్యలకు పెద్ద గిరాకీ అక్కడిదే కావడంతో ధర ఒక్కసారిగా పడింది, వ్యాపారులు కొనడానికి వెనకాడారు. జిల్లాలో రైతులందరూ దిగులుగా ఉన్నారు. పెంచలయ్య ఆ వారాల్లో నా దగ్గరకు ఆలస్యంగా, ఫోన్ మాట్లాడుతూ, చురుగ్గా వచ్చారు. ఎవరికి ఏ కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ఎంతకు అమ్మాలో పదిమందికి సలహా చెప్తున్నారు. చివరి గడి రోజుల తరబడి ఖాళీగా ఉంది. చూపించాను.

చాలాసేపు ఆ కాగితం వైపే చూశారు. "కష్టమొస్తే రాదా మేడం అది?"

నేను జవాబు చెప్పలేదు. చెప్పాల్సింది నేను కాదు. లేమి వల్ల పుట్టిన వెలితి అయితే లేమి వచ్చినప్పుడు పెరగాలి. ఇది సుఖం వచ్చినప్పుడే వస్తోంది. ఏళ్ళుగా మోస్తున్న వివరణ ఆ ఒక్క ఖాళీ వరస ముందు నిలబడలేదు. ఇంట్లో కూర్చుని తర్కించుకుంటే ఈ సంగతి ఆయనకు ఎన్నటికీ తెలిసేది కాదని నా నమ్మకం. రాసిన వివరం తన ఇష్టానికి అనుకూలంగా మారదు, జ్ఞాపకం మారుతుంది.

ఒంట్లో ఉన్న చోటుకు

తర్వాతి భాగానికి యూజీన్ జెండ్లిన్ పద్ధతి వాడాను. షికాగో విశ్వవిద్యాలయంలో కార్ల్ రోజర్స్‌తో కలిసి పనిచేసిన తత్త్వవేత్త ఆయన. థెరపీ కొందరికి పనిచేసి కొందరికి ఎందుకు పనిచేయదని రికార్డు చేసిన సెషన్లు విని చూశారు. బాగుపడేవాళ్ళు మధ్యలో ఆగుతారని, మాట దొరకక తడుముకుంటారని, ఒంట్లో మసకగా తెలుస్తున్నదాని వైపు తిరిగి 'ఇది కాదు... ఇది కూడా కాదు... ఆ, ఇదీ' అంటారని గమనించారు. గడగడా చెప్పేవాళ్ళ కంటే తడబడేవాళ్ళే ముందుకు వెళ్తున్నారన్నమాట. ఈ సంగతి నాకు ఎంతో ధైర్యమిచ్చింది, ఎందుకంటే మన ఊళ్ళలో నా ముందు కూర్చునే మగవాళ్ళు ఎక్కువమంది మాట రాదనే సిగ్గుతో వస్తారు.

పాదాలు నేలకు ఆనించి కూర్చోమన్నాను. పట్టుబడి రాత్రిని గుర్తుచేసుకుని, అది ఒంట్లో ఎక్కడుందో అక్కడే ఉండమన్నాను. లోపలికి దూకొద్దు, పారిపోవద్దు, పక్కన కూర్చున్నట్టు ఉండమన్నాను. రొమ్ము ఎముక కింద ఉందన్నారు. దానికి పేరు పెట్టి చూద్దామన్నాను. బాధా? కాదు. భయమా? కాదు. ఆకలి? కొంచెం దగ్గర, అయినా కాదు. చాలాసేపటికి, "పట్టుబడైనాక గుంట" అన్నారు. నీళ్ళు తీసేశాక అడుగు బురద ఎండుతూ ఉంటుంది కదా, అలా. ఆ మాట దొరికాక ఊపిరి పెద్దగా వదిలారు. సరైన మాట దొరికినప్పుడు శరీరం అలాగే చెప్తుంది.

"ఏం కావాలి దానికి" అని అడగలేదు. అడిగితే మళ్ళీ రొట్టెల జాబితా వస్తుంది. "అది మిమ్మల్ని ఏం చేయమంటోంది?" అని అడిగాను.

"ఇంకో గుంట లీజుకు తీసుకోమంటది" అని చిన్నగా నవ్వారు. నిజమే, ప్రతి పట్టుబడి తర్వాతా వారంలోపు కొత్త లీజు రాసుకోవడం ఆయన రికార్డులోనే ఉంది. నవ్వు ఆగాక కళ్ళు మూసుకునే ఉన్నారు. నేనూ మాట్లాడలేదు.

"లేపమంటది."

"ఎవర్ని?"

జవాబు రావడానికి నిమిషాలు పట్టింది. "నాయన్ని."

ఆ తర్వాత వచ్చిన జ్ఞాపకం ఆయన ఎవరికీ చెప్పనిది. మర్చిపోయింది కాదు, చెప్పడానికి అందులో ఏముందనుకున్నది. 1997, పదో తరగతి ఫలితాలు. అప్పట్లో పేపర్లో నంబర్లు వేసేవారు. ఫస్ట్ క్లాసు వరసలో తన నంబరు చూసుకుని, బస్టాండు నుంచి పేపరు పట్టుకుని ఇంటిదాకా పరుగెత్తారు. మంచం పక్కన నిలబడి చూపించారు. తండ్రి తల తిప్పి చూసి "మంచిది నాయనా" అని మళ్ళీ గోడ వైపు తిరిగారు. కోపం లేదు, విసుగు లేదు. పిల్లవాడు పేపరు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "ఇది చాల్లేదేమో, ఇంకా పెద్దది తేవాలేమో అనుకున్నా మేడం."

అప్పటి నుంచి తెస్తూనే ఉన్నారు. ఇంటర్, డిగ్రీ, ఉద్యోగం. 2009లో వనామీ రొయ్యకు దేశంలో అనుమతి రాగానే ఉద్యోగం మానేసి తండ్రి పాడుపెట్టిన గుంటల్లోనే మళ్ళీ నీళ్ళు పెట్టారు. తండ్రి అప్పటికి లేచి తిరుగుతున్నారు, చిల్లర కొట్టు పెట్టుకున్నారు, కానీ కొడుకు గట్టు మీదకు ఒక్కసారీ రాలేదు. ఇల్లు కట్టకముందే పోయారు. చనిపోయిన మనిషిని మార్కులతో, డబ్బుతో లేపాలని లోపలి పిల్లవాడు ఇంకా పేపర్లు పట్టుకెళ్తున్నాడు. ప్రతి గెలుపు రాత్రీ ఆయన ఎదురుచూస్తున్నది అదే. ప్రతిసారీ గోడ వైపు తిరిగిన వీపే కనబడుతోంది.

కాబట్టి ఆయనకు ఏదో దొరకలేదన్నది సగమే. తాను ఇచ్చింది చాల్లేదన్న లెక్క ఒకటి తెగకుండా ఉండిపోయింది. ఇలాంటివాళ్ళకు 'నీకు ఏం కావాలి' అనే ప్రశ్న పనిచేయదు, ఎందుకంటే వాళ్ళు తమ కోసం ఏదీ వెతకడం లేదు.

పాలిన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు దీనికి దగ్గరగా ఉన్న దుఃఖాన్ని 1970లలోనే గుర్తించింది. వియత్నాం యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయిన పైలట్ల కుటుంబాలతో పనిచేస్తూ, తెగని నష్టమని ఒకటి ఉందని చెప్పింది. మనిషి కనబడడు కానీ పోయాడని తెలియదు, ఇదొక రకం. మనిషి ఎదురుగానే ఉంటాడు కానీ మనసు అక్కడ ఉండదు, ఇది రెండో రకం. రెండోదానికి కర్మకాండ లేదు, పలకరింపుకు వచ్చేవాళ్ళు లేరు. 1995లో పెంచలయ్య ఇంట్లో తండ్రి బతికే ఉన్నారు. పోయింది డబ్బేనని అందరూ అనుకున్నారు.

ఆ వెంటనే ఆయనలో అపరాధభావం లేచింది. "పోయినోడ్ని తప్పు పడతన్నానా?" అని రెండు మూడుసార్లు అడిగారు. తండ్రికి ఆనాడు చికిత్స అందని డిప్రెషన్ ఉండి ఉండవచ్చు. చూడని మనిషికి రోగ నిర్ధారణ చేయడం నా పని కాదు, అలాగే చెప్పాను. కానీ తండ్రి లేవలేకపోవడం తండ్రి తప్పూ కాదు, కొడుకు మార్కుల తక్కువా కాదు. ఈ రెండు మాటలూ కలిపే చెప్పాలి. ఒకటే చెబితే రెండోవాడి మీద బరువు పడుతుంది.

పదో తరగతి పెంచలయ్య గురించి, వేరే ఎవరో పిల్లవాడి గురించి చెప్తున్నట్టు, పేరు పెట్టి రాయమన్నాను. 'నేను' అని కాక సొంత పేరుతో తనను తాను చూసుకున్నప్పుడు మనిషికి కాస్త దూరం దొరుకుతుందని, భావం ముంచేయదని ఈతన్ క్రాస్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగాలు చూపించాయి. ఆయన రాసిందాంట్లో కొన్ని వాక్యాలు, అనుమతితో:

"పెంచలయ్య పేపరు పట్టుకోని నిలబడుండాడు. వాడికి నాయన లేవాలని ఉండాది. మార్కులతో నాయన లేవడు. అది మార్కుల పని కాదు. వాడికి ఆ మాట ఎవరూ చెప్పలా. అందరూ నువ్వే పెద్దోడివి అన్నారు. వాడు పెద్దోడు కాదు, పదో తరగతి."

చదివి వినిపించి, మొదటిసారి నా గదిలో ఏడ్చారు.

ఆ తర్వాత

ఏడ్చిన రోజుతో కేసు ముగిసిందనుకోవడం సినిమా పద్ధతి. అసలు పని తర్వాతే మొదలైంది. పట్టుబడి రాత్రికి మూడు మార్పులు అనుకున్నాం. డబ్బు మెసేజ్ వచ్చాక లీజు బ్రోకరుకు కనీసం రెండు వారాలు ఫోన్ చేయకూడదు. మందు పార్టీకి వెళ్ళే ముందు పది నిమిషాలు గట్టు మీద ఒక్కరే కూర్చుని ఆ ఎముక కింది చోటును పలకరించాలి. ఇంటికి వచ్చి, పంట ఎలా వచ్చిందో భార్యకు మొదటి నుంచి చివరిదాకా చెప్పాలి. మూడోది ఆయనకు అన్నిటికంటే కష్టమైంది. "ఎంతొచ్చింది" చెప్పడం వచ్చు, "బాగా చేశా" అని చెప్పడం రాలేదు. ఆమె వినడానికి ఇన్నేళ్ళుగా సిద్ధంగానే ఉందని తెలిసి ఆశ్చర్యపోయారు.

తల్లిని కూడా ఆ రోజుల గురించి అడిగారు. నేను అడగమనలేదు. ఆమె చెప్పింది ఒక్క మాట: "మీ నాయన నా మాటకీ లేవలా అబ్బయ్యా." ముప్పై ఏళ్ళుగా తానొక్కడే ఓడిపోయాననుకున్న పనిలో, అదే గదిలో, ఇంకొకరు కూడా ఓడిపోయారని ఆయనకు అప్పుడు తెలిసింది. నా పద్ధతులన్నిటికంటే ఈ మాటే ఎక్కువ పని చేసిందని నా అంచనా.

ఆగస్టు చివర అమెరికా సుంకం 50 శాతానికి పెరిగినప్పుడు నష్టం నిజంగానే వచ్చింది. గుంటల్లో రొయ్యపిల్ల వేయడం తగ్గించారు, ఒక లీజు వదులుకున్నారు. ఆ వారం గడిలో ఉన్నది: "ఇది భయం. అది కాదు." భయాన్ని, వెలితిని విడదీసి గుర్తుపట్టడం మొదటిరోజు ఆయనకు చేతకాని పని.

వెలితి పూర్తిగా పోలేదు. సంక్రాంతికి కూతురూ కొడుకూ ఇంటికొచ్చి అందరూ అరుగు మీద కూర్చున్నప్పుడు వచ్చిందట. వచ్చింది, కాసేపుంది, ఆయన లేచి బయటికి పోకుండా అక్కడే కూర్చున్నారు. పార్టీల్లో మందు బాగా తగ్గింది, మానేయలేదు. దాని మీద ఇంకా పని ఉంది.

ఈ దారి ఎవరికి కాదు

తీవ్రమైన డిప్రెషన్, చనిపోవాలన్న ఆలోచనలు, ఈమధ్యనే జరిగిన పెద్ద గాయం, ఉన్నట్టుండి ఒళ్ళు తెలియకుండా పోవడం, లేని గొంతులు వినపడటం ఉన్నవాళ్ళు ఒంటరిగా కూర్చుని ఇలా లోపలికి చూడకూడదు. వాళ్ళకు ముందు సైకియాట్రిస్టు కావాలి. దగ్గర్లో ఎవరూ లేకపోతే 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ ఉంది, నంబరు 14416, ఏ వేళలోనైనా, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. పెంచలయ్య లీజు గుంటల పక్కనే కౌలు చేసుకునే రైతులున్నారు, వడ్డీకి తెచ్చి మేత వేసేవాళ్ళు. వాళ్ళకు లోపల ఉన్నది బయటి లేమే. అప్పు తీరే దారి చూపకుండా వాళ్ళను నీలోకి నువ్వు చూసుకో అనడం అన్యాయం. వచ్చిన మనిషి వెలితి ఏ రకమో తేల్చుకోవడం కౌన్సెలర్ మొదటి బాధ్యత. పెంచలయ్య విషయంలో దాన్ని తేల్చింది ఆ గడి.

ప్రస్తుతం ఆయన నెలకోసారి వస్తున్నారు. ఈమధ్య ఆయన తనంతట తాను తెచ్చిన సంగతి కొడుకుది. ఆదివారం హాస్టల్ నుంచి ఫోన్ చేసినప్పుడు అబ్బాయి వీక్లీ టెస్టు మార్కులు చెప్పి, అవతల ఎదురుచూస్తున్నాడట. మరీ తక్కువొచ్చిన వారం ఫోన్ చేయడట. "వాడు నాకు పేపరు చూపిస్తన్నాడు మేడం" అన్నారు. ఇప్పుడు మార్కుల కంటే ముందు ఆ వారం ఎవరితో కూర్చుని తిన్నావు, రాత్రి నిద్ర పట్టిందా అని అడుగుతున్నారు. అబ్బాయికి ఇంకా అలవాటు కాలేదు, ఒక్క ముక్కలో జవాబు చెప్పి మళ్ళీ మార్కుల్లోకి వెళ్తున్నాడు. పబ్లిక్ పరీక్షలు అయ్యాక ఇద్దరూ కలిసి వస్తామన్నారు. ముందుగా అబ్బాయితో విడిగా కూర్చుంటాను, వాడు ఒప్పుకుంటేనే తండ్రిని లోపలికి పిలుస్తాను.